వంతుకు వచ్చే మనిషి: డయాలసిస్ రోగుల కోసం ఒక పాస్టరేట్ చేస్తున్న పని

గిద్దలూరు, కంభం మధ్య పల్లెల్లో ఉన్న ఒక సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) పాస్టరేట్‌లో, అంటే ఒక పాస్టర్ గారి కింద ఉండే పల్లె సంఘాల గుంపులో, సేవా విభాగం పని నేను చూస్తున్నాను. మాది డబ్బున్న సంఘం కాదు. వ్యవసాయ కూలీలు, బేల్దారి పనికి బెంగళూరు, హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లు, కొద్దిమంది టీచర్లు, రైల్వేలో చేసి రిటైరైనవాళ్లు ఒకరిద్దరు, అంతే. అలాంటి సంఘం డయాలసిస్ మీద బతుకుతున్న మనుషులకు ఏం చేయగలదన్నదే ఈ కేసు. చుట్టుపక్కల సంఘాల నుంచి ఇద్దరు ముగ్గురు ఈ పని గురించి అడిగారు. ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది. రోగి, ఆయన భార్య ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, ఊరు చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

ఈ పల్లెలు, ఈ సంఘాలు

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి కొన్ని తాలూకాలు, గుంటూరు నుంచి కొన్ని, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వచ్చి కలిశాయి. దానికే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. ఇక్కడి క్రైస్తవ సంఘాల తీరు కూడా ఆ పాత ఎల్లల వెంటే నడుస్తుంది. ఒంగోలు, కనిగిరి వైపు అమెరికన్ బాప్టిస్టు మిషన్ పని ఎక్కువ. గిద్దలూరు వైపు నంద్యాల, కలసపాడు, ముత్యాలపాడు కేంద్రాలుగా నడిచిన, ఇంగ్లాండ్ సంఘానికి చెందిన (ఆంగ్లికన్) ఎస్పీజీ అనే మిషన్ పని ఎక్కువ. బాప్టిస్టు సంఘాలు చాలావరకు మాదిగ పల్లెల్లో, మావి చాలావరకు మాల పల్లెల్లో పెరిగాయి. ఒకే ఊరికి రెండు పల్లెలు, రెండు గుళ్లు, రెండు సమాధుల తోటలు. ఈ సంగతి దాచిపెట్టి ఈ కేసు చెప్పలేను. ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు అందులో కలవలేదు. 1975లో కలిశారు. అందుకే మా పెద్దవాళ్లలో పాత ఆంగ్లికన్ పద్ధతులు ఇంకా గట్టిగా ఉన్నాయి. ఆరాధన క్రమం తప్పనివ్వరు. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలం (లెంట్) నిష్ఠగా ఆచరిస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, రాసిపెడతారు. బాప్తిస్మాల రిజిస్టర్, నిర్ధారణ (కన్ఫర్మేషన్) రిజిస్టర్, పెళ్లిళ్లది, సమాధులది, ఇంటింటి కుటుంబ రిజిస్టర్. బీరువాలో అడుగుబొడుగు కాగితాల్లా కనిపించే ఈ పుస్తకాలే తర్వాత మా పనికి పునాది అయ్యాయి.

దానధర్మాలంటారా, అవి ముందునుంచీ ఉన్నాయి. క్రిస్మస్‌కు వితంతువులకు చీరలు, ముసలివాళ్లకు దుప్పట్లు. కోతపండుగకు తొలిపంట తెచ్చి గుడిలో పెట్టి వేలంపాట పాడటం. గుమ్మడికాయ, కందులు, శనగలు, నాటుకోడి, ఒక్కోసారి మేకపిల్ల. బజారులో ముప్పై రూపాయలు చేయని సొరకాయను పంతం మీద వందలకు పాడేవాళ్లున్నారు, ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలుసు కాబట్టి సంతోషంగా పాడతారు. ఇక పిడికెడు బియ్యం. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. పల్లె సంఘాలు ఎంత పేదవైనా తమ ఖర్చు తామే భరించాలని ఆయన పట్టుబట్టేవారు. చేతిలో రూపాయి లేని ఇల్లాలు కూడా ఇవ్వగలిగేలా తెలుగు సంఘాల్లో నాటుకుపోయిన అలవాటు ఇది: ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేయడం. మా పాస్టరేట్‌లో ఇప్పటికీ చాలా ఇళ్లలో పొయ్యి పక్కన ఆ డబ్బా ఉంది. పాత హార్లిక్స్ సీసానో, పెయింట్ బకెట్టో, ఏదైతేనేం.

ఇవన్నీ మంచివే. కానీ అన్నీ పండుగకు ఒకసారి జరిగేవి, అందరి ముందు జరిగేవి. జబ్బు పండుగలు చూసి రాదు.

రోగి

ఆయనకు యాభై లోపే. బేల్దారి మేస్త్రి. ఇరవై ఏళ్లు బెంగళూరులో గోడలు కట్టాడు. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి అంటే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో మందుల షాపులోనో నొప్పి బిళ్లలు కొనుక్కుని మింగేవాడు. బిళ్ల వేసుకుంటేనే తెల్లారి తాపీ పట్టుకోగలిగేవాడు. బీపీ ఉందని ఎప్పుడో ఒక క్యాంపులో చెప్పారు, మందులు కొన్నాళ్లు వాడి మానేశాడు. కిడ్నీలు పాడవడానికి అన్నిటికంటే పెద్ద కారణాలు షుగర్, బీపీ. ఏళ్ల తరబడి మింగే నొప్పి బిళ్లలు దానికి తోడైతే నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. ఆయన విషయంలో ఏది ఎంత అని డాక్టర్లు విడదీసి చెప్పలేదు. కాళ్లు వాచి, అన్నం సయించక, ఆయాసంతో ఆస్పత్రికి పోయేసరికి డయాలసిస్ తప్పదన్నారు. పని వదిలేసి ఊరు చేరాడు.

ఆయన మా సంఘస్థుడు కాదు. ఊరికి అవతలి పక్క పల్లె, బాప్టిస్టు. మాకు తెలిసింది ఆయన భార్య వల్ల. ఆమె, మా సంఘంలో ఆడవాళ్ల బృందమైన స్త్రీల మైత్రిలోని ఒకామె ఒకే కూలి ముఠాలో మిరప చేలకు పోతారు. "అక్కా, మనిషి రాత్రంతా పడుకోలేక గోడకానుకుని కూర్చుంటాండాడు" అని చేలో చెప్పుకుని ఏడ్చిందట. ఆ మాట ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

పడుకుంటే ఆయాసం వచ్చి కూర్చోవాల్సి రావడమంటే ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల దాకా వచ్చిందని అర్థం. డయాలసిస్ సరిగా జరిగితే అది రాకూడదు. మరి ఎందుకు వస్తోంది? ఇక్కడే ఈ కేసు మొదలైంది.

డబ్బు కాదు, మనిషి

డయాలసిస్ అనగానే డబ్బు సమస్య అనుకుంటాం. మా కమిటీలో కూడా మొదట వచ్చిన ఆలోచన చందా ఎత్తి ఒక పదివేలు చేతిలో పెడదామనే. కానీ ఇంటికి వెళ్లి, రెండు మూడుసార్లు కూర్చుని మాట్లాడితే లెక్క వేరుగా తేలింది. డయాలసిస్‌కు ప్రభుత్వ పథకంలో డబ్బు కట్టక్కర్లేదు. డయాలసిస్ రోగులకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఆయనది అప్పటికి మంజూరు కాలేదు, కానీ కాగితాలు గ్రామ సచివాలయంలో ఉన్నాయి. మందులు, దారి ఖర్చు భారమే. అయినా ఆయన వారానికి వెళ్లాల్సిన వాటిలో ఒకటి మానేస్తున్నది అందుకు కాదు.

మానేస్తున్నది తోడు లేక.

ఒక్కో డయాలసిస్‌కు మిషన్ మీద దాదాపు నాలుగు గంటలు. దానికి ముందు పల్లె నుంచి రోడ్డు దాకా ఆటో, అక్కడి నుంచి బస్సు, పట్టణంలో మళ్లీ ఆటో. అయ్యాక బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు, కాళ్లు పట్టేయొచ్చు, సూది తీసిన చోట రక్తం ఆగకపోవచ్చు. కేంద్రంవాళ్లు మనిషి తోడు లేకుండా రావద్దంటారు, వాళ్లు అనేది న్యాయమే. భార్య వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. మిరపకోతల ముఠాలో వరుసగా నాలుగు రోజులు రాకపోతే ఆ చోటికి ఇంకొకరిని పెట్టుకుంటారు. కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, వాడు వెళ్తే కాలేజీ పోతుంది. ఒక వారం భార్య, ఒక వారం కొడుకు, ఒక వారం ఎవరూ కుదరక "ఈ ఒక్కసారికి ఏం కాదులే" అని ఆయనే ఆగిపోవడం. ఆ ఒక్కసారికే ఒంట్లో నీరు చేరి, రాత్రికి ఆయాసం వచ్చి, అర్ధరాత్రి కారు మాట్లాడుకుని పరుగెత్తడం. ఆ కారుకిచ్చిన డబ్బు నెల రోజుల బస్సు ఖర్చుకంటే ఎక్కువ.

కాబట్టి ఆ ఇంటికి కావలసింది వారానికి ఇన్ని రోజులు, పొద్దున బస్సు నుంచి సాయంత్రం బస్సు దాకా, ఒక మనిషి. మా సంఘం దగ్గర డబ్బు లేదు గానీ మనుషులున్నారు. వాళ్లు ఎవరు, ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరు ఏ నెలలో ఊళ్లో ఉంటారు అన్నది కుటుంబ రిజిస్టర్‌లో ఉంది.

కమిటీలో జరిగిన మాట

పాస్టరేట్ కమిటీలో ఇది తేలిగ్గా ఒప్పుకోలేదు. వాళ్లను తప్పుపట్టడానికి రాయడం లేదు, ఏ సంఘంలో అయినా ఈ ప్రశ్న వస్తుంది. "మనవాళ్లలోనే మంచాన పడినవాళ్లు ఉన్నారు. ఆయనకు వాళ్ల సంఘం ఉంది కదా, వాళ్ల అయ్యగారు (పాస్టర్) ఉన్నారు కదా" అన్నారు ఒక పెద్దాయన. ఆయన గలతీ పత్రికలో విశ్వాస గృహానికి చెందినవారికి విశేషంగా మేలు చేయమన్న మాట ఎత్తారు. అదే వచనంలో అందరికీ మేలు చేయమని కూడా ఉంది కదా అన్నారు ట్రెజరర్. చర్చ అక్కడక్కడే తిరిగింది. పైకి ఎవరూ అనలేదు గానీ, అవతలి పల్లె మనిషి ఇంట్లో కూర్చుని నీళ్లు తాగే పని ఇది, ఆ సంకోచం కూడా గదిలో ఉంది. నాకు తెలుసు, అందరికీ తెలుసు.

తెగ్గొట్టింది స్త్రీల మైత్రి నుంచి కమిటీలో ఉన్న పెద్దమ్మ. ఆమె వచనం చెప్పలేదు. "ఆ అమ్మి నా పక్క సాలులో మిరక్కాయ కోస్తది. చేలో కలిసి చద్ది తింటాం. మొదటి వారం నేను పోతా. రెండో వారానికి ఎవరో పేరు చెప్పండి" అంది. రెండో వారానికి పేరు చెప్పాల్సి వచ్చేసరికి చర్చ మారిపోయింది. చేయాలా వద్దా అన్నది పోయి, మంగళవారం ఎవరు, శుక్రవారం ఎవరు అన్నదానికి వచ్చింది.

సంఘాల్లో మంచి పని ఆగిపోయేది ఎక్కువసార్లు సిద్ధాంతం దగ్గరేనని నా అభిప్రాయం. వంతుల కాగితం ముందు పెడితే సిద్ధాంతాలు వాటంతటవే సర్దుకుంటాయి.

వంతు నడిచే తీరు

పేరేమీ పెట్టలేదు. జనం "వంతు" అంటారు. "రేపు నీ వంతా, నాదా?" అని అడుగుతారు. ఒక పొడుగు నోటుబుక్కు. ఎడమ పక్క తేదీ, తోడు వెళ్లిన మనిషి సంతకమో వేలిముద్రో. కుడి పక్క నాలుగు గడులు: మిషన్ ఎక్కే ముందు బరువు, దిగాక బరువు, దిగాక బీపీ, ఏమైనా ఇబ్బంది. కేంద్రంలో నర్సును అడిగి రాసుకుని రావాలి. చదువు రానివాళ్లకు నర్సే రాసిస్తుంది. బరువు ఎందుకంటే, రెండు డయాలసిస్‌ల మధ్య ఎంత నీరు చేరిందో అదే చెబుతుంది. ఒకసారి బరువు బాగా పెరిగి కనిపిస్తే ఆ వారం ఇంటికి వెళ్లి, నీళ్లు కొలిచి తాగుతున్నాడా, పచ్చడి ఎక్కువైందా అని మెల్లగా అడగొచ్చు.

తోడు వెళ్లేవాళ్లకు ముందుగా ఒక సాయంత్రం నేర్పించాం. మండలంలో పనిచేసే ఒక స్టాఫ్ నర్సు వచ్చి చెప్పింది. అన్నిటికంటే బాగా ఎక్కింది ఫిస్టులా సంగతి. డయాలసిస్ కోసం ముంజేతిలో ధమనిని, సిరను కలిపి చిన్న ఆపరేషన్ చేస్తారు. ఆ రోగే తన ఎడమ చేయి చాపి, "వేలు పెట్టి చూడండయ్యా" అన్నాడు. చర్మం కింద నరం తాడులా ఉబ్బి ఉంది. వేళ్లు ఆనిస్తే లోపల జుయ్యిమని సన్నగా అదురుతుంది. చెవి ఆనిస్తే వినిపిస్తుంది కూడా. ఒక్కొక్కరే వచ్చి పట్టుకుని చూశారు. ఆ అదురు ఉందంటే చేయి బాగున్నట్టు, ఆగిపోతే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు, బిందె మోయకూడదు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు. గడియారం కూడా అటు పెట్టుకోవద్దని నర్సు చెప్పింది. ఇవతలి పల్లెవాళ్లు ఆయన చేయి పట్టుకుని చూడటం, ఆ సాయంత్రం ఎవరూ దాని గురించి మాట్లాడలేదు గానీ, నా లెక్కలో చిన్న విషయం కాదు.

ఖర్చులకు మూడు దారులున్నాయి. కోతపండుగ పాటలో కొంత భాగం, శ్రమకాలంలో ఇళ్లకు ఇచ్చే కానుక డబ్బాలు, పిడికెడు బియ్యం. ఇవి పాస్టరేట్ మామూలు ఖాతాలో కలవవు, డయోసిస్‌కు, అంటే పైన బిషప్ గారి పరిధికి, కట్టే వాటాతో సంబంధం లేదు, వేరే పుస్తకం. నెలకోసారి గుడిలో ఎంత వచ్చింది, ఎంత పోయింది చదువుతాం. ఎవరికి అన్నది చదవం. ఫోటోలు తీయం, వాట్సాప్‌లో పెట్టం. ఇది మొదటి రోజే తీర్మానంగా రాసుకున్నాం.

బియ్యం దగ్గర ఒక చిక్కు ఉంది, మొదలుపెట్టేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. డబ్బాల్లో వచ్చే బియ్యంలో ఎక్కువ భాగం రేషన్ బియ్యం. వెనకటి రోజుల్లో పోగైన బియ్యాన్ని షావుకారికి అమ్మి డబ్బు జమ చేసుకునేవాళ్లు. ఇప్పుడు రేషన్ బియ్యం అమ్మితే కేసు. గుడి పేరుతో అమ్మినా కేసే. అందుకని మేము బియ్యం అమ్మం. బియ్యం బియ్యంగానే పోతుంది, రోగి ఇంటికో, తోడు వెళ్లడానికి కూలి మానుకున్నవాళ్ల ఇంటికో. కూలి డబ్బులు ఇవ్వలేం కానీ ఆ రోజుకు ఇంత బియ్యం ఇస్తాం. కొందరు తీసుకుంటారు, కొందరు వద్దంటారు. తీసుకున్నవాళ్లను తక్కువగా చూడకూడదని మా అయ్యగారు ఒకసారి ప్రసంగంలోనే గట్టిగా చెప్పారు. కూలి మనిషి ఒక రోజు వదులుకోవడమంటే ఉద్యోగస్తుడు సెలవు పెట్టినంత తేలిక కాదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకుండా ప్రయాణం వచ్చింది. మా పుస్తకంలో బస్సు ఖర్చు ఒక్కసారిగా తగ్గింది. దాంతో ఇంకో చిక్కు వచ్చింది. "ఆడవాళ్లైతే ఫ్రీ కదా, వాళ్లనే పంపుదాం" అని మగవాళ్ల పేర్లు నోటుబుక్కులోంచి మెల్లగా జారిపోసాగాయి. ఇంట్లో వంట, చేలో కూలి, ఇప్పుడు ఆస్పత్రి కూడా ఆడవాళ్ల నెత్తినే. కమిటీలో మాట్లాడి వంతులు సగం సగం ఉండాలని పెట్టాం. మగవాళ్ల టికెట్ డబ్బు దాని కోసమే ఉంది, అది మిగుల్చుకోవాల్సిన డబ్బు కాదు.

పలకరింపు, పండ్లు

మా ప్రాంతంలో జబ్బు మనిషిని చూడటానికి వట్టి చేతులతో పోరు. కొబ్బరి బోండాం, అరటిపండ్లు, బత్తాయిలు. ప్రేమ అది. కిడ్నీలు పనిచేయని మనిషికి అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ మూడింట్లోనూ పొటాషియం ఎక్కువ. దాన్ని బయటికి పంపాల్సిన కిడ్నీలు పంపలేవు. ఒంట్లో బాగా పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఆయన ఇంట్లో మంచం కింద బోండాలు వరుసగా పెట్టి ఉన్నాయి. బంధువులు తెచ్చినవి, పారేయడానికి మనసొప్పక ఆ ఇల్లాలు రోజుకొకటి కొట్టి ఇస్తోంది. ఒంటికి చలువ చేస్తుందని.

ఈ ఒక్క విషయం మీద పెట్టిన శ్రమ మిగతా వాటన్నిటికంటే ఎక్కువ. పలకరింపును ఆపకూడదు, తెచ్చే వస్తువును మార్చాలి. స్త్రీల మైత్రి సమావేశంలో గంటసేపు ఇదే మాట్లాడుకున్నాం. బోండాం బదులు ఏం తీసుకెళ్లాలి? తోటకూర, పాలకూర, టమాటా లాంటివి కూడా తగ్గించాలంటారు, కొన్ని కూరలను ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంచేసి వండుకోమంటారు. మామిడి ఊరగాయ, చింతకాయ పచ్చడి ఉప్పు వల్ల దాహం పెంచుతాయి. నీళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతకు మించి తాగకూడదు, ఎండాకాలం ఇక్కడ అది ఎంత నరకమో చెప్పలేను. రోగికి ఏం పెట్టాలో కేంద్రంలోని డాక్టరే చెప్పాలి, మేము పట్టిక తయారు చేయలేదు. పలకరించడానికి వెళ్లేవాళ్లకు చెప్పింది ఒక్కటే: తినేది తాగేది ఏదీ రోగికి తీసుకెళ్లొద్దు. ఆ ఇంటి పిల్లలకు గుడ్లు తీసుకెళ్లండి, లేదా ఒక పూట వాళ్ల గేదెకు గడ్డి వేయండి, లేదా ఊరికే వెళ్లి కూర్చోండి. గేదెకు గడ్డి వేసే మాట మగపిల్లలకు బాగా నచ్చింది. యూత్ నుంచి ఇద్దరు ఇప్పటికీ పొద్దున్నే వేసి వస్తున్నారు.

ప్రార్థన విషయం

తోడు వెళ్లేవాళ్లకు ఇంకో నియమం: కరపత్రాలు పంచకూడదు, వాళ్లంతట వాళ్లు అడిగితే తప్ప ప్రార్థన చేయకూడదు. మొదటి రోగి క్రైస్తవుడే కాబట్టి అప్పుడు ప్రశ్న రాలేదు. తర్వాత ఒక దూదేకుల ముసలాయన చేరినప్పుడు వచ్చింది. ఇది మా సొంత తెలివి కాదు, ఈ ప్రాంత చరిత్రలోనే ఉంది. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని కల్పించాడు. కరవు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం చేరారన్న మాట రాకూడదని. సాయం ముగిశాక, 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ పెద్ద సంఖ్య అందరికీ గుర్తుంటుంది. దానికి ముందు ఆయన ఆపి ఉంచిన నెలల గురించి మా సంఘంలో ఎక్కువ మాట్లాడుకోవాలని నాకు ఉంటుంది. ఆ ముసలాయన ఇప్పుడు బస్సులో మా రిటైర్డ్ రైల్వే ఆయన పక్కనే కూర్చుంటాడు. ఇద్దరూ దిగువమెట్ట అడవి గురించీ పాత రోజుల రైళ్ల గురించీ మాట్లాడుకుంటారు. నమాజు వేళకు ఆయన చేసుకుంటాడు, ఈయన సంచి పట్టుకుని పక్కన నిలబడతాడు.

సడలిన చోటు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పల్లెలు సగం ఖాళీ అవుతాయి. మిరపకోతలకు గుంటూరు, పల్నాడు వైపు కుటుంబాలకు కుటుంబాలే పోతాయి. శ్రమకాలం కూడా అప్పుడే. గుడిలో త్యాగం గురించి ప్రసంగాలు, నోటుబుక్కులో ఖాళీ గడులు. మొదటి ఏడాది ఆ రెండు నెలలు చాలా టెన్షన్‌గా గడిచాయి. ఉన్నవాళ్ల మీదే వంతు మీద వంతు పడింది, ఒక టీచర్ తన సెలవులన్నీ వాడేశారు. ఒక శుక్రవారం ఎవరూ లేక ఆయన డయాలసిస్ తప్పిపోయింది, ఆ రాత్రి మళ్లీ ఆయాసం వచ్చింది.

దీనికి దారి మా సంఘంలో దొరకలేదు, అవతలి పల్లెలో దొరికింది. బాప్టిస్టు సంఘంలో ముసలివాళ్లు, పొలం కౌలుకు చేసుకునేవాళ్లు ఆ నెలల్లో ఊళ్లోనే ఉంటారు. వాళ్ల పాస్టర్ గారితో మా అయ్యగారు మాట్లాడారు. ఇద్దరూ కూర్చుని ఆ రెండు నెలలకు తేదీలు పంచుకున్నారు. ఇప్పుడు శుక్రవారాలు ఏడాది పొడవునా వాళ్లవి. నోటుబుక్కు ఒకటే. మంగళవారం సాయంత్రం మావాళ్లు అవతలి పల్లెకు తీసుకెళ్లి ఇస్తారు, శుక్రవారం రాత్రి వాళ్లు ఇవతలికి తెచ్చి ఇస్తారు. ఈ ఊరికి రెండు గుళ్లు ఏర్పడి నూరేళ్లు దాటింది. రెండు సంఘాల పేర్లూ కలిసి ఉన్న పుస్తకం ఇంతకు ముందు ఉందేమోనని మా పెద్దవాళ్లను అడిగాను. లేదన్నారు.

ఇప్పటి స్థితి

ఆ మేస్త్రి వంతు మొదలయ్యాక, పైన చెప్పిన మిరపకోతల కాలం తప్ప, డయాలసిస్ మానలేదు. అర్ధరాత్రి కార్లు ఆగిపోయాయి. పింఛను మంజూరైంది. దానికి కావలసిన ఆస్పత్రి సర్టిఫికెట్ల కోసం తోడు వెళ్లినవాళ్లే తిరిగారు. ఎవరికైనా అదే చెబుతాను, పింఛను కాగితం పని తోడు వెళ్లే మనిషికే అప్పగించండి, ఎలాగూ ఆ రోజంతా అక్కడే ఉంటాడు. భార్య ముఠాలో తన చోటు నిలబెట్టుకుంది. కొడుకు ఇంటర్ పాసై డిగ్రీలో చేరాడు. ఆయనకు జబ్బు నయం కాలేదు, కాదు కూడా. బాగున్న రోజుల్లో చిన్న పనులు చూస్తాడు. మా గుడి మెట్లు పగిలితే కుర్చీలో కూర్చుని పక్కనున్న కుర్రాళ్లకు ఇసుక, సిమెంటు పాళ్లు చెప్పి వేయించాడు.

జాబితాలోకి తర్వాత వచ్చినవాళ్లలో ఒక అవ్వ చనిపోయింది. చివరి నెలలో ఇక వెళ్లలేనంది, పిల్లలు, డాక్టరు మాట్లాడి ఆమె ఇష్టానికే వదిలారు. డయాలసిస్ లేని ఆ రోజుల్లో కూడా వంతు ఆగలేదు. వెళ్లడానికి బస్సు లేదు కాబట్టి ఆమె మంచం దగ్గర కూర్చునేవాళ్లు. చివరి రోజుల మనిషి దగ్గర ఎలా ఉండాలో మాకు ఎవరూ నేర్పలేదు. నొప్పి తగ్గించే వైద్యం, చివరి దశ సంరక్షణ గురించి శిక్షణ కావాలని డయోసిస్‌కు రాశాం.

కొత్త రోగులు వస్తూనే ఉన్నారు, వాళ్లందరికీ తోడు వెళ్లే మనుషులు ఒకనాటికి చాలరు. అందుకని కమిటీ ఇప్పుడు వెనక్కి జరిగి చూస్తోంది. బీపీ ఉన్నవాళ్లు మందులు మానకుండా, నొప్పి బిళ్లలు నెలల తరబడి మింగకుండా ఆపితే కొందరైనా మిషన్ దాకా వెళ్లరు. నెలలో మొదటి ఆదివారం ఆరాధన తర్వాత బీపీ చూడటం మొదలుపెట్టాం, ఏఎన్ఎం అమ్మ వచ్చి సాయం చేస్తోంది. చూసిన బీపీని కుటుంబ రిజిస్టర్‌లోనే ఆ మనిషి పేరు పక్కన రాస్తున్నాం. ఒకే బీపీ మిషన్‌తో ఆలస్యమవుతోంది, ముసలివాళ్లు ఎండలో నిలబడాల్సి వస్తోంది. రాబోయే కోతపండుగ పాట డబ్బుతో ఇంకో రెండు కొనాలని తీర్మానం అయింది. ఒకటి మా గుడిలో ఉంటుంది, ఇంకొకటి అవతలి పల్లెలో బాప్టిస్టు గుడిలో.